తుమ్మముల్లు మీద చీటీ

“నేను చేయకుండా వదిలేసిన చీటీ ఒక్కటంటే ఒక్కటి చూపించండి టీచరమ్మా. చూపిస్తే ఈ పూటే పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాను.”

శిష్యురాలు గురువును అడిగిన ప్రశ్న ఇది. దీన్ని ప్రశ్న అనాలో సవాలు అనాలో వినేవాళ్ళ ఇష్టం. అడిగిన పిల్ల పేరు వారిజ. యూనివర్సిటీలో ఉన్నన్నాళ్ళూ వాదోపవాదాల పోటీల్లో ఎదుటి పక్షం నోరు మూయించి కప్పులు పట్టుకొచ్చిన పిల్ల. ఎదుటివాళ్ళ దగ్గర రుజువు లేని చోటు ఎక్కడుందో ముందే కనిపెట్టి, సరిగ్గా ఆ చోట కాలు మోపి మాట్లాడడం ఆమెకు అలవాటు. ఆ మధ్యాహ్నం కూడా అక్కడే కాలు మోపింది. రుజువు లేదని ఆమెకు బాగా తెలుసు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు ఆ కాగితాల షెడ్డు సంగతీ, దాని గోడకు కొట్టిన తుమ్మకొమ్మ సంగతీ చెప్పుకోవాలి.

నల్లమల కొండల కిందుగా, ఊరు దాటాక ఒక రేకుల షెడ్డు. భ్రమరాంబ గారు ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఆ పని అయిపోయాక ఇక్కడ చేతికాగితం తయారీ మొదలుపెట్టారు. దర్జీల దగ్గర మిగిలిన పీలికలు, చివికిన నూలు చీరలు, మాసిన పంచెలు గోతాల్లో వస్తాయి. వాటికున్న గుండీలూ హుక్కులూ తీసేసి, ముక్కలు కోసి, నానబెట్టి, దంచి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును చట్రంతో తేల్చి, వత్తి, ఆరబెడితే కాగితం. పని నేర్చుకోవడానికి ఏటా ముగ్గురో నలుగురో ఆడపిల్లలు వచ్చి అక్కడే ఉండేవారు. ఊరంతటికీ ఆవిడ టీచరమ్మే. అయితే ఉపన్యాసం చెప్పే నోరు కాదు ఆవిడది. ఎవరేం అడిగినా చేతికో పని ఇచ్చేది. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు, దొరక్కపోతే మరోసారి చేయమన్నట్టు.

ఆవిడకు ఒక అలవాటుంది. కాగితం అంచులు కత్తిరించినప్పుడు పడే సన్నటి ముక్కలను పారేయనిచ్చేది కాదు. పొద్దున్నే ఒక్కొక్కరూ గుప్పెడు ముక్కలు తీసుకుని, ఆ రోజు చేయాల్సిన పనులు రాసుకోవాలి. చీటీకి ఒక్క పనే. గోడకు అడ్డంగా ఎండిన తుమ్మకొమ్మ ఒకటి మేకులతో బిగించి ఉంటుంది. మనిషికో ముల్లు. రాసిన చీటీని తన ముల్లుకు గుచ్చాలి. పని అయ్యాక తీసి, మూలనున్న నానుడు తొట్టిలో వేయాలి. తొట్టిలో పడ్డ చీటీ రెండు రోజుల్లో మళ్ళీ గుజ్జయి, పుస్తకాలకు అట్టగా తేలుతుంది. పూర్తికాని పని ముల్లునే అంటిపెట్టుకుని ఉంటుంది. పొద్దు వాలే వేళకు టీచరమ్మ కొమ్మ ముందు ఒకసారి నడిచి వెళ్ళేది. ఎవరి ముల్లుకు ఏం మిగిలిందో చూసేది, పైకి ఏమీ అనేది కాదు. ఆ చూపు కోసం పిల్లలు పరుగులు పెట్టి పని చేసేవారు. చీటీ బొటనవేలి వెడల్పు దాటితే మాత్రం ఒప్పుకునేది కాదు. “పెద్ద కాగితం ఇస్తే మనిషి సాకులు కూడా రాసుకుంటుంది” అనేది.

వారిజ వచ్చిన మూడో నెలలో ఆ కొమ్మకు కొత్త కళ వచ్చింది. అప్పట్లో పట్నం కంపెనీ ఒకటి నాలుగువందల పుస్తకాలకు ఆర్డరు ఇచ్చింది. ఉద్యోగస్తులు ఏ రోజు పని ఆ రోజు రాసుకునే పుస్తకాలు. ఇంతకు ముందు ఇలాంటి ఆర్డరు వస్తే “ఆర్డరు పూర్తి చేయాలి” అని ఒక చీటీ రాసి గుచ్చేవారు. అది నెలల తరబడి ఎండి, దుమ్ము పట్టి, చూసి చూసి కళ్ళకు అలవాటైపోయేది. వారిజ దాన్ని పీకి పారేసింది. “కొండను ముల్లుకు గుచ్చితే ఎలా టీచరమ్మా? విరగ్గొట్టాలి. రోజుకు మోయగలిగినంత రాయి చేసి గుచ్చాలి” అంది. ఆర్డరును నలభై చీటీలు చేసింది. ఈ రోజు ఇన్ని అట్టలు, రేపు ఇన్ని కుట్లు, ఎల్లుండి దారం తెప్పించడం. నిజం చెప్పాలంటే పని కదిలింది. ఆరేళ్ళుగా కదలని చేతులు కూడా కదిలాయి. సాయంత్రమయ్యేసరికి ఆమె ముల్లు సూదిలా మెరిసేది. “ఈ పిల్ల చేతిలో ఎంత పనైనా పూసల్లా విడిపోతుంది” అని టీచరమ్మ అందరూ వినేట్టే అంది. ఎవరినీ మెచ్చుకోని మనిషి మెచ్చుకుంటే ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంటుంది.

దంపుడు యంత్రం దగ్గర పనిచేసే మద్దిలేటికి మాత్రం ఇదంతా వేళాకోళం. అతనికి రాత రాదు. మరిచిపోకూడని పని ఉంటే తువ్వాలు కొసకు ముడి వేసుకునేవాడు.

“పాపా, అన్నం తినేదానికి ఎన్ని చీటీలు రాస్తావు నువ్వు? ముద్దకొకటా?”

“నీ తువ్వాలు ముడి కంటే నయమే మద్దిలేటన్నా. ఏ ముడి ఎందుకేశావో నీకే గుర్తుండదు.”

“గుర్తుంటాదమ్మా. పని అయ్యేదాకా మెడ కింద గుచ్చుతానే ఉంటాది. నీ ముల్లు గోడకు కదా ఉండేది, గుచ్చినా గోడకే గుచ్చుతాది.”

అందరూ నవ్వారు. వారిజ కూడా నవ్వింది. మంచి ఎత్తిపొడుపు ఎవరు వేసినా మెచ్చుకునే గుణం ఆమెలో ఉంది, పాఠం నేర్చుకునే గుణం ఇంకా రాలేదు.

గుడ్డల కుప్ప దగ్గర కూర్చునే మనిషి సుంకులమ్మ. నిలువుగా పాతిన కొడవలి ముందు కాళ్ళు బారజాపి కూర్చుని, ప్రతి పీలికనూ కొడవలికి రాస్తూ గుండీలూ హుక్కులూ తెంపేది. చిన్నప్పుడే అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. “ఉండేది ఒక్క కన్నే గానీ, ఒక్క గుండీని తప్పించుకోమను చూద్దాం” అనేది. ఒక సోమవారం పాత రవిక ఒకటి కోస్తుంటే హుక్కు ఒకటి చిటుక్కున ఎగిరి, ఉన్న ఆ ఒక్క కంట్లోనే తగిలింది. నీళ్ళతో కడుక్కుంది. పక్కింటి బాలింతను అడిగి రెండు చుక్కలు చనుబాలు పిండించుకుంది. మర్నాటికి కన్ను చింతనిప్పు అయింది.

టీచరమ్మ చూసింది. కుట్టుబల్ల దగ్గరున్న వారిజను పిలిచి, “సుంకులమ్మను కంటి ఆసుపత్రికి తీసుకుపోవే. చూపించుకుని రండి ఇద్దరూ” అంది.

వారిజ అప్పటికప్పుడు చీటీ రాసి ముల్లుకు గుచ్చింది. రాసి, దూరం నుంచి చూసుకుంది. ఆర్డరు అప్పగించడానికి ఇంకా పది రోజులే గడువుంది. ఆసుపత్రి ఉన్న పట్నం బస్సులో రెండు గంటలు. ఒక రోజంతా పోతుంది. ఏ కార్డు కావాలో, ఏ డాక్టరు ఏ రోజు ఉంటాడో, సుంకులమ్మ చోట కొడవలి దగ్గర ఎవరు కూర్చోవాలో తెలియకుండా పోతే రెండు రోజులూ పోవచ్చు. కొండ కనబడింది, అలవాటైన చెయ్యి ఊరుకోలేదు. సాయంత్రానికి ఆ ఒక్క చీటీ ఉన్న చోట చిన్న చీటీలు ఆరు బుద్ధిగా కూర్చున్నాయి.

బుధవారం ఆసుపత్రికి ఫోన్ చేసింది. పొద్దున పూట ఏ రోజైనా రావచ్చు, నల్లగుడ్డు సంగతి చూసే పెద్ద డాక్టరమ్మ మాత్రం గురువారాలు ఉంటుందని అక్కడివాళ్ళు చెప్పారు. రేపటికి కార్డూ ఫోటో అందవు, పోతే వచ్చే గురువారం పెద్ద డాక్టరు దగ్గరికే పోవాలి కదా అనుకుంది. చీటీ తొట్టిలో పడింది. తర్వాత సుంకులమ్మ కార్డు జిరాక్సు, ఆ తర్వాత ఫోటో. ఫోటో తీస్తున్నప్పుడు ఆ ముసలామె కన్ను తెరవలేక మొహం పక్కకు తిప్పుకుంది.

“ఎప్పుడు పోదాం పాపా?”

“పని నడుస్తోంది అవ్వా. కార్డు అయింది, ఫోటో అయింది. ఇంకా మూడే మిగిలాయి.”

“నడుస్తాంటే సరే తల్లీ. ఇసక పోసినట్టుండాది లోపల.”

శనివారం టీచరమ్మ చేత డాక్టరుకు ఉత్తరం రాయించింది. టీచరమ్మ చక్కటి దస్తూరీతో రాసి, సంతకం చేసి, “ఎంతవరకు వచ్చింది?” అంది. “ఇంకా రెండు టీచరమ్మా” అంది వారిజ. ఆవిడ కొమ్మ వైపు చూసింది. ముల్లు మీద రెండే ఉన్నాయి. తృప్తిగా తల ఊపింది. ఆ తలూపు గుర్తుంచుకోవాలి మనం. సోమవారానికి కొడవలి దగ్గర కూర్చునే మనిషి కుదిరింది. మంగళవారానికి బస్సు వేళలు రాసుకోవడం కూడా అయిపోయింది. ఆరూ తొట్టిలో పడ్డాయి. ఇక గురువారం బస్సెక్కడమే. దానికి వేరే చీటీ ఎందుకు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి కదా.

బుధవారం మధ్యాహ్నం పట్నం నుంచి ఫోన్ వచ్చింది. కంపెనీ పెద్దమనిషి శుక్రవారం రావలసినవాడు, గురువారమే వస్తున్నాడట. పుస్తకాలు చూడడానికే కాదు, ఈ చీటీల పద్ధతి ఏదో విన్నాడట, కళ్ళారా చూడాలట. వారిజ లేకపోతే ఎవరు చెబుతారు? ఆమె కొత్త ముక్క తీసుకుని రాసింది, “ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ మార్చాలి” అని. ఫోన్ చేసింది. ఇంకో గురువారం దాకా ఎందుకు, సోమవారం రండి, ఉన్న డాక్టరు చూస్తారన్నారు. చీటీ తీసి తొట్టిలో వేసింది. వాయిదా వేయడం కూడా ఒక పనే అయింది, ఆ పనీ పూర్తయింది, ఆ సాయంత్రం కూడా ముల్లు సూదిలా మెరిసింది. దేశంలో కొన్ని ఆఫీసులు ఈ విద్య మీదే నడుస్తాయని వారిజే ఒకప్పుడు వేదికెక్కి నిప్పులు చెరిగింది. ఆ సంగతి ఆమెకు ఆ సాయంత్రం గుర్తు రాలేదు.

గురువారం షెడ్డుకు తోరణాలు కట్టారు. పెద్దమనిషి వచ్చాడు. వారిజ కొమ్మ పక్కన నిలబడి మాట్లాడింది. ఏం మాట్లాడింది! కొండ, రాయి, ముల్లు, తొట్టి, మళ్ళీ కాగితం. మాట ఎక్కడ పెంచాలో ఎక్కడ దించాలో తెలిసిన గొంతు. పెద్దమనిషి ఆమె ముల్లును దగ్గరగా ఫోటో తీసుకున్నాడు. “ఖాళీ ముల్లు! దీన్నే మా పుస్తకం మొదటి పేజీలో వేస్తాం” అన్నాడు. టీచరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. చప్పట్లు మోగాయి. వెనక గోడ దగ్గర, తడిగుడ్డ కంటికి అదుముకుని కూర్చున్న సుంకులమ్మ పక్కకు వంగి అడిగింది.

“ఎందుకు మద్దిలేటీ కొడతాండారు చప్పట్లు?”

“ముల్లుకు చీటీలు ఏమీ లేవంట పెద్దమ్మా. అన్ని పనులూ అయిపాయనంట.”

“అయిపాయనా? మంచిదే” అంది సుంకులమ్మ.

శనివారం పొద్దున్నే వారిజ షెడ్డు తలుపు తీస్తోంది. ఎండ అప్పటికే రేకుల మీద చురచురలాడుతోంది. సుంకులమ్మ గోడ పట్టుకుని, అడుగు తడుముకుంటూ వస్తోంది. తలుపు చప్పుడు విని ఆగింది.

“ఎవరు, పాపనా? ఇంకా తెల్లారలేదేం తల్లీ ఈ పొద్దు?”

యంత్రం దగ్గర నుంచి మద్దిలేటి వచ్చి ముసలామె మొహం వైపు చూశాడు, ఆ తర్వాత ఎండ వైపు. తువ్వాలుకు ముడి వేసుకోలేదు. యంత్రం కట్టేసి, చేతులు పంచెకు తుడుచుకుని, “పద పెద్దమ్మా” అని ఆమె రెక్క పట్టుకుని బస్సు ఆగే చోటుకు నడిపించుకుపోయాడు. వారిజ కార్డూ ఉత్తరమూ ఉన్న కవరు పట్టుకుని వెనకే పరుగెత్తింది. బస్సు కదిలిపోయింది.

సాయంత్రం ఒక్కడే తిరిగొచ్చాడు. ఆమెను అక్కడే ఉంచుకున్నారన్నాడు. నల్లగుడ్డు మీద గీసుకున్న చోట పుండు పడి, లోపలికంతా పాకిపోయిందట. వారం ముందు తెచ్చుంటే చుక్కల మందుతోనే మానిపోయేదట. ఇప్పుడు తెల్లటి పువ్వు వేసి, కన్ను కమ్ముకుపోతుందట.

“కార్డు లేకుండా ఎలా చూశారు?” అంది వారిజ. అడిగిన క్షణంలోనే ఆ ప్రశ్న తన నోట్లోంచి వచ్చినందుకు ఆమెకు అసహ్యం వేసింది.

“కార్డా? ఎవరూ అడగల్యా. పొయ్యి కూచుంటిమి, పిలిచిరి.” మద్దిలేటి తువ్వాలు తీసి, కొసలు రెండూ వేళ్ళతో తడుముకున్నాడు. “నేనైనా ఆ మంగళవారమే తోలుకుపోవాల్సింది పాపా. టీచరమ్మ నీకు చెప్పినాది, నువ్వు రాసుకుంటివి. కాగితం మీదికి ఎక్కినాది కదా, ఇంక నాకెందుకులే అనుకుంటి. నెత్తిమీది బరువు దించుకున్నెట్లాయె.”

మూడు వారాలకు సుంకులమ్మ తిరిగి వచ్చింది, కొడవలి ముందే కూర్చుంది. గుండీలను ఇప్పుడు వేళ్ళతో వెతుకుతోంది. దాత కన్ను ఏదైనా దొరికితే పెట్టి చూస్తామని, పేరు రాసుకున్నారట. “అక్కడ కూడా కాగితం మీదికెక్కినా పాపా” అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉంటే వారిజ తట్టుకునేది, దానికి దీటైన మాట వెతుక్కునేది. లేదు. ఆ ముసలామె నిజంగానే కబురు చెప్పినట్టు చెప్పింది. షెడ్డులో ఎవరూ వారిజను పల్లెత్తు మాట అనలేదు. మద్దిలేటి వేళాకోళం మానేశాడు, అంతే. టీచరమ్మ రోజూ పొద్దు వాలేవేళ కొమ్మ ముందు నడవడం మానేసింది. అభియోగం పెట్టేవాళ్ళే లేనప్పుడు సమాధానం ఎవరికి చెప్పుకోవాలి? వారిజ ప్రతి రాత్రీ పడుకుని ఆరు చీటీలనూ వేళ్ళ మీద లెక్క పెట్టుకునేది. ఫోన్, కార్డు, ఫోటో, ఉత్తరం, మనిషి, బస్సు. అన్నీ చేసింది. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం, అన్నాలయ్యాక, అందరి ముందూ నిలబడి అడిగేసింది. చేయకుండా వదిలేసిన చీటీ ఒక్కటి చూపించమని.

టీచరమ్మ చెంబుతో చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని లేచింది. వారిజ ముంజేయి పట్టుకుని మూలకు, నానుడు తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది.

“వెతుకు.”

“ఏం వెతకాలి?”

“నేను నీకు ఒక పని చెప్పాను కదా. అది రాసుకున్న చీటీ.”

“దాన్నే ఆరు చేశాను టీచరమ్మా. ఆ ఆరూ...”

“ఆ ఆరు నాకొద్దు. మొదటిది తియ్యి.”

వారిజ తొట్టి వైపు చూసింది. ఆ చీటీ ఆ మర్నాడే ముల్లు మీద లేదు, ఆ తర్వాత ఏ రోజూ లేదు. ఆరు చీటీలు గుచ్చడానికి చోటు కావాలని ఆ మొదటి సాయంత్రమే తనే దాన్ని తీసింది. తీసిన చీటీ పోయే చోటు ఆ షెడ్డులో ఒక్కటే. ఆ తొట్టిలోని గుజ్జు ఈపాటికి ఏడెనిమిదిసార్లు తోడి అట్టలు వేశారు. నాలుగువందల అట్టలు. ఇక్కడ ఏమీ దొరకదని ఆమెకు తెలుసు. అయినా టీచరమ్మ పక్కనే నిలబడి ఉంది, కదలడం లేదు. వారిజ గాజులు వెనక్కి తోసుకుని, మోచేతుల దాకా చేతులు ముంచింది. చల్లటి బూడిదరంగు గుజ్జు. ఎవరివో పంచెలు, ఎవరివో రవికలు, ఎవరి రోజులో. గుప్పెట మూస్తే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది.

నీళ్ళ చప్పుడుకు కొడవలి దగ్గర సుంకులమ్మ తల తిప్పింది.

“ఎవరది తొట్లో చెయ్యి పెట్టినాది?”

“నేనే అవ్వా.”

“ఏం పోగొట్టుకుంటివి పాపా? చెవికమ్మా?”

“చీటీ.”

“యాదాని చీటీ?”

వారిజ టీచరమ్మ వైపు చూసింది. ఆవిడ సహాయం చేయలేదు.

“నీదే అవ్వా.”

“నాదా!” సుంకులమ్మకు నవ్వొచ్చింది. “సదువు లేనిదానికి నాకేం చీటీ తల్లీ! ఏమని రాసుండె దాంట్లో?”

వారిజకు ఆ అక్షరాలు గుర్తున్నాయి. తన దస్తూరీ, తన సిరా, కింద గీసిన గీత. గుజ్జులోంచి చేతులు తీయకుండానే చెప్పింది, “‘సుంకులమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి’ అని.”

కొడవలి మీద ఆడుతున్న చెయ్యి ఆగింది.

“అంతేనా పాపా? ఇంకేం లేదా దాంట్లో?”

“లేదవ్వా.”

“అయ్యో. రోజుకొక కాగితం అంటివి కదా... నేను ఇంకా శానా పెద్ద పనేమో అనుకుంటి.”

ఆ మాట అని, చేతికందిన రవికను తడిమి, హుక్కు దొరకబుచ్చుకుని కొడవలికి ఆనించింది. టక్కున తెగింది. వారిజ నోట్లో ఎన్నో వాదనలు తయారుగా ఉండేవి. డాక్టరమ్మ గురువారమే ఉంటుందన్నారు కదా. ఆర్డరు అందరిదీ కదా. మీరూ తలూపారు కదా టీచరమ్మా. అన్నీ నాలుక దాకా వచ్చాయి. చేతులు ఇంకా గుజ్జులోనే ఉన్నాయి.

“మొదటి రోజే వేసేశాను టీచరమ్మా” అంది. “ఇందులో దొరకదు.”

టీచరమ్మ రెండు చేతుల గాజులూ పైకి తోసుకుంది. వారిజ పక్కనే వంగి, తన చేతులు కూడా మోచేతుల దాకా తొట్టిలో ముంచి, అడుగున తడమడం మొదలుపెట్టింది.

“మీరెందుకు?” అంది వారిజ, భయపడి.

“ఆ మంగళవారం నా ముల్లుకు కూడా ఒక చీటీ ఉండేది. ‘సుంకులమ్మ కన్ను సంగతి వారిజకు చెప్పాలి’ అని.” ఆవిడ తల ఎత్తలేదు. “నీకు చెప్పి, ఇటే వచ్చి వేసేశాను. నీకంటే ముందు.”